రెక్క మీద పేరు

గాంధీనగర్, బళ్లారి
12 నవంబర్ 2024

మీకు వందనాలు.

ముందుగా నా రాతకు, తప్పులకు మన్నించండి. నేను ఏడో తరగతి వరకు చదివింది కన్నడ బడిలో. తెలుగు అక్షరాలు సండే స్కూల్లో బైబిలు మీద వేలు పెట్టి నేర్చుకున్నవే. అందుకే గీత మీద మొదలుపెట్టిన వాక్యం చివరికి వచ్చేసరికి కిందికి జారిపోతుంది.

ఆదివారం మీరు ఫోను చేసినప్పుడు నేను 'ఊ' అనడం తప్ప ఏమీ మాట్లాడలేదు. కోపం తెచ్చుకోకండి. అత్తమ్మ ఫోను స్పీకరులో పెట్టి స్టూలు మీద ఉంచింది. పక్కింటి హంపమ్మక్క కూడా వచ్చి కూర్చుంది. అందరి ముందు మీతో ఏం మాట్లాడను? అందుకే మీరు అడ్రసు రాసిపెట్టి పోయిన కవర్లు తీశాను. మీ పేరు నేను నోటితో చెప్పను, చేత్తో రాయను అని గుర్తుపెట్టుకుని మీరే రాసిపెట్టి పోయారు కదా, ఆ కవర్లు చూసినప్పుడల్లా సంతోషంగా ఉంటుంది.

అత్తమ్మ బాగుంది. జీన్సు కంపెనీ నుంచి ప్యాంట్ల మూటలు ఇంటికి వస్తూనే ఉన్నాయి. పొద్దున వాటి కుట్ల దారాలు కత్తిరిస్తే సాయంత్రానికి ఒళ్లంతా నీలం అవుతోంది.

ఒక సంగతి. మంచం కింద అట్టపెట్టెలో మీరు సగం చేసి వదిలిన గ్లైడరు, ఆ చెక్క విమానం, ఉంది కదా. నిన్న అత్తమ్మ ఇల్లు దులుపుతూ దాన్ని బయటికి లాగింది. "ఈ బెండు ముక్కలు నీళ్ల పొయ్యిలోకి గూడ పనికిరావు, పారేయే" అంది. నేను పారేయకుండా బియ్యం డబ్బా వెనక దాచాను. మీరు లేకుండా మూత తీసి చూశాను. బాల్సా చెక్క పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టే ఉంది. చిన్నప్పుడు మేము జొన్నదంటు చీల్చి లోపలి బెండుతో ఎద్దులబండ్లు చేసేవాళ్లం. ఇదీ అంత తేలిక.

రెక్క రెండు ముక్కలుగా ఉంది. కాగితం మీది బొమ్మలో రెక్క చివర్లు పైకి లేచి ఉన్నాయి. ఎంత లేవాలి? ముక్కు దగ్గర నల్లగా గుండ్రంగా గీశారు, అదేమిటి? ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను.

చదివాక ఈ ఉత్తరం కాల్చేయండి. మీ తోటివాళ్లు చూస్తే నా రాతకు నవ్వుతారు.

మీ మణి


పోలీసు ట్రైనింగ్ స్కూలు, కలబురగి
24 నవంబర్ 2024

మణీ,

నీ ఉత్తరం అందింది. కాల్చమన్నావు. ఇక్కడ అగ్గిపెట్టె దొరికితే గ్రౌండు చుట్టూ పరుగు పెట్టిస్తారు. కాబట్టి ట్రంకులో బట్టల అడుగున పెట్టాను. నీ రాతకు ఏమీ కాలేదు. మా బ్యారక్‌లో సగం మంది రాత నీకంటే ఘోరం.

ఇక్కడ తిండి బాగుంది, కాళ్లే బాగాలేవు. బూట్లు కరిచిన చోట పుండ్లు మానుతున్నాయి. ఫోన్లు ఆదివారం తప్ప ఇవ్వరు, అది నీకు తెలుసు.

గ్లైడరు గురించి నువ్వు ఎవరి కోసం అడుగుతున్నావో నాకు అర్థమైంది. మా చిన్నాన్న కొడుకు హనోకు అడగమన్నాడు, అంతే కదా? సొంతంగా అడగడానికి వాడికి నామోషీ. సరే, చెబుతున్నాను. రెక్క రెండు ముక్కలనూ మధ్యలో అతికించేటప్పుడు ఒకటి బల్ల మీద పరిచి, రెండోదాని చివర కింద అగ్గిపెట్టె నిలబెట్టాలి. అంత ఎత్తు చాలు. రెక్క ముందంచు కొంచెం లావుగా గుండ్రంగా, వెనకంచు కాగితంలా పలచగా ఉప్పుకాగితంతో రుద్దాలి. ముక్కు దగ్గర నల్లగుండ్రం బరువు. బంకమన్ను ముద్ద పెడతాం. రెక్క కింద రెండు వేళ్లతో ఎత్తితే గ్లైడరు ముందుకూ వెనక్కూ ఒరగకుండా నిలబడాలి. ముక్కు కింద కొక్కేనికి రబ్బరు తగిలించి ఉండేలు మాదిరి లాగి వదులుతాం.

ఫిబ్రవరి మొదట్లో రామాంజినేయులు సార్ కురుగోడులో గ్లైడర్ల పందెం పెడతాడు. డ్రిల్లు మాస్టరుగా రిటైరైనప్పటి నుంచి జొన్న కోసిన తన చేనులోనే పెడుతున్నాడు. నేను ప్రతి యేడూ పోయి ప్రతి యేడూ ఓడిపోయానని నీకు తెలుసు. ఈసారి మంచి చెక్క తెప్పించాను, అంతలో ఈ ఉద్యోగం వచ్చింది. పెట్టె హనోకుకు ఇచ్చేయి. వాడైనా ఎగరేస్తాడు. నువ్వు మాత్రం ముట్టుకోకు, బాల్సా మీద గోరు తగిలినా సొట్ట పడుతుంది.

అమ్మ మాటలు పట్టించుకోకు.

ఆల్విన్


గాంధీనగర్
14 డిసెంబర్ 2024

మీకు వందనాలు. కాళ్లకు కొబ్బరినూనెలో కర్పూరం వేసి రాయండి.

మీ ఉత్తరం వచ్చేసరికి ఆలస్యమైపోయింది. తప్పు పోస్టుది కాదు, నాదే. హనోకు నన్ను ఏమీ అడగమనలేదు. నేనే నా కోసం అడిగాను. మీ జవాబు రాకముందే రెక్క అతికించాను.

మధ్యాహ్నం అత్తమ్మ నడుం వాల్చినప్పుడు మిద్దె మీద నీడలో కూర్చునేదాన్ని. రొట్టె తట్టేటప్పుడు అంచు ఎక్కడ మందంగా ఉందో చూడకుండానే వేలికి తెలుస్తుంది. రెక్కను కూడా అలాగే వేళ్ల మధ్య జరుపుతూ రుద్దాను. గోళ్లు ముందే కత్తిరించుకున్నాను. ఎంత లేపాలో తెలియక బొమ్మలో ఉన్నట్టు కంటితో కొలిచి, కింద దారపు ఉండ పెట్టాను. మీ ఉత్తరం వచ్చాక అగ్గిపెట్టె పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటే ఎత్తు. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో.

బరువుకు బంకమన్ను యాడ దొరుకుతుందో తెలియలేదు. ఆ పూట జొన్నపిండి కలిపి ఉంది. చిటికెడు ముద్ద ముక్కుకు పెట్టాను. రెండు వేళ్ల మీద చక్కగా నిలబడింది. పొద్దున్నే మిద్దె మీద ఈ చివర నుంచి ఆ చివరకు చేత్తో మెల్లగా వదిలితే నీళ్ల మీద ఆకు పోయినట్టు పోయింది. నాకు నవ్వు ఆగలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం మళ్లీ పైకి పోయి ఈసారి రబ్బరుతో వదిలాను. అది పైకి పోయి, ముక్కు ఎత్తి, గాలిలో నిలబడిపోయి, తోక మీద వెనక్కి జారి హంపమ్మక్క వాళ్ల నీళ్ల ట్యాంకు మీద పడింది. ఎడమ రెక్క పగిలింది. పొద్దున బాగా ఎగిరింది మధ్యాహ్నానికి ఎందుకు చెడిందో అర్థం కాలేదు. హంపమ్మక్క దాన్ని చీపురుతో పట్టుకుని మెట్లు దిగి అత్తమ్మ చేతికిచ్చింది. అత్తమ్మ నన్ను ఒక చూపు చూసింది.

మీరు వద్దన్న పని చేశాను. మీ చెక్క పాడుచేశాను. కానీ పగులు సన్నది, బాగు చేయగలనని అనుకుంటున్నాను. కోపమైతే తిట్టండి, కానీ రాయడం మానకండి.

ఈ ఉత్తరాన్ని తప్పకుండా కాల్చండి. అగ్గిపెట్టె వంటాయన దగ్గర ఉంటుంది.

మణి


కలబురగి
15 డిసెంబర్ 2024

కృపమణికి,

ఈ రోజు ఫోనులో అమ్మ చెప్పింది, "నీ ఇమానం నీ పెండ్లాం ఇరగ్గొట్టింది" అని. నువ్వు పక్కనే ఉండి కూడా ఏమీ అనలేదు. ముట్టుకోవద్దని రాశాను కదా. ఆ చెక్క బెంగళూరు నుంచి తెప్పించింది. ఇంట్లో ఏదీ నాదని ఉండకూడదా? హనోకుకు ఇచ్చేసి ఉంటే సరిపోయేది.

 మిగిలిన ముక్కలైనా వాడికి ఇవ్వు.

ఆల్విన్


గాంధీనగర్
24 డిసెంబర్ 2024

మీకు క్రిస్మస్ వందనాలు.

మీ చిన్న ఉత్తరం వచ్చింది. నేను అంతకు ముందే రాసింది మీకు ఇంకా అంది ఉండదు, అది చదివాక కోపం తగ్గుతుందో పెరుగుతుందో తెలియదు. ఫోనులో ఎందుకు మాట్లాడలేదంటే, మాట్లాడి ఉంటే ఏడ్చేదాన్ని. హంపమ్మక్క ముందు ఏడవడం నాకు ఇష్టం లేదు.

హనోకు ఆదివారం గుడి నుంచి నేరుగా ఇంటికి వచ్చాడు. మీరు అతనికి కూడా రాశారట. "వదినా, పెట్టె ఇయ్యి. అన్న నాకు ఇయ్యమన్నాడు. ఇది రొట్టెలు తట్టే పని కాదు" అన్నాడు నవ్వుతూ. నేను లోపలికి పోబోయాను. అత్తమ్మ కజ్జికాయలు వత్తుతూ తల ఎత్తకుండానే, "యాడుంది పెట్టె? ఇరిగిపోయినాది అంటిని కదప్పా. కజ్జికాయ తిని పో" అంది. అప్పటికే రెక్క అతికి, గ్లైడరు మొత్తం ఆమె తల మీదే దండేనికి వేలాడుతోంది. హనోకు దాన్ని చూశాడు, అత్తమ్మను చూశాడు, కజ్జికాయ తిని పోయాడు. 

ఎందుకు చెడిందో తెలిసింది. పొద్దున మిగిలిన జొన్నపిండి గిన్నె అంచుకు ఎండి అంటుకుంటే, గోకుతుంటే పొట్టులాగా రాలింది. అప్పుడు వెలిగింది. ముక్కు మీద పెట్టిన ముద్ద కూడా ఎండలో తడి పోయి తేలిక అయింది. ముక్కు తేలికైతే పైకెత్తుకోక ఏం చేస్తుంది? పిండి తీసేశాను. జీన్సు జేబుల మూలల్లో కొట్టే రాగి రివెట్లు మూటల్లో రాలి ఉంటాయి కదా, అవి ముక్కుకు దారంతో కట్టి గమ్ పూశాను. రాగి ఎండదు. పగిలిన చోట ప్యాంటు లోపలి జేబు గుడ్డ సన్నగా కోసి, గమ్ పూసి పరిచాను. ఆ పక్క బరువైంది కదా అని రెండో పక్క కూడా అంతే పరిచాను.

ఇప్పుడు ఒకటి అడుగుతాను. పెళ్లయిన కొత్తలో మీరు నన్ను కురుగోడు పందేనికి తీసుకుపోయి గట్టు మీద ఆడవాళ్లతో కూర్చోబెట్టారు. మీ గ్లైడరు చేతిలోంచి పైకి పోవడం చూసినప్పుడు నా చెయ్యి కూడా లాగింది. ఒక్కసారి నేను వదులుతానని అడగాలనుకున్నాను, సిగ్గుపడ్డాను. అప్పటి నుంచీ అడగాలనే ఉంది. ఈ యేడు పందెంలో దాన్ని నేను ఎగరేస్తాను. మీరు వద్దంటే హనోకుకు ఇచ్చేస్తాను, మళ్లీ ఆ మాట ఎత్తను. మీ జవాబు వచ్చేదాకా రబ్బరు ముట్టుకోను.

కజ్జికాయలు ఈ పొట్లంలో పెట్టాను. విరిగి ఉంటే చెంచాతో తినండి. ఉత్తరం పొయ్యిలో వేయండి, పొట్లం కాగితంతో పాటు.

మీ మణి


కలబురగి
5 జనవరి 2025

మణీ,

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు చేతికొచ్చాయి. కజ్జికాయలు పిండి అయ్యాయి, అయినా బ్యారక్ మొత్తం తినింది. నువ్వు కాల్చమన్నవాటిలో పొట్లం కాగితం ఒకటే పారేశాను.

నేను రాసింది తప్పు. జొన్నపిండి దగ్గరికి వచ్చేసరికి నవ్వు పట్టలేక బయటికి పోయాను. రివెట్ల దగ్గర మళ్లీ చదివాను. రెండో రెక్కకు కూడా గుడ్డ పరిచావు చూడు, అది నాకు ఎప్పటికీ తట్టేది కాదు. నా పక్కమంచం ఆయన పక్కీరప్ప ఈ సంగతి విన్నాడు. "నీ పెండ్లాన్ని ఈడికి పంపించప్పా, నువ్వు ఇంటికి పోయి రొట్టెలు చెయ్యి" అన్నాడు.

నువ్వే ఎగరెయ్యి. వద్దనడానికి నేనెవరిని, చేసింది నువ్వు. హనోకుకు వేరుగా రాస్తాను, వాడి గ్లైడరు వాడు చేసుకుంటాడు.

ఒకటి గుర్తుపెట్టుకో. రబ్బరు లాగాక నిట్టనిలువుగా వదలకు, తలకిందులై తిరిగొచ్చి నీ మీదే పడుతుంది. గ్లైడరును కుడికి వాల్చి, ముక్కు పైకి పెట్టి వదులు. పైకి పోయి అదే సర్దుకుని ఎడమకు గుండ్రంగా తిరుగుతుంది. తిరగాలంటే నిలువు తోకను ఎడమకు వెంట్రుకంత తిప్పు.

ఇంకొకటి. రెక్క మీద నా పేరు, ఇంటి అడ్రసు రాయి. అది పందెం నియమం, యాడన్నా పడితే తెచ్చిస్తారు. బాల్పెన్నుతో నొక్కి రాయకు, స్కెచ్ పెన్నుతో రాయి.

అమ్మను తీసుకుని పో. రానంటుంది, అయినా అడుగు.

నీ ఆల్విన్


గాంధీనగర్
10 ఫిబ్రవరి 2025

మీకు వందనాలు.

ఫోనులో అత్తమ్మ సగమే చెప్పింది, మిగతా సగం చెప్పబోతే టైము అయిపోయింది. మొత్తం రాస్తాను, ఓపికగా చదవండి.

పందెం రోజు, శనివారం పొద్దునే అత్తమ్మను అడిగాను. "ఎండలో బెండు ముక్క ఎగరేసేది చూసేకి నేను వస్తానా" అంది. నేను గ్లైడరును పాత దిండు గలీబులో పెట్టుకుని బస్టాండుకు బయలుదేరితే, ఆటోలో ఆమె ముందే కూర్చుని ఉంది. గుడికి కట్టుకునే చీర కట్టుకుంది. కురుగోడు దాకా గలీబు తన ఒళ్లోనే పెట్టుకుంది, బస్సులో ఎవరినీ ఆనుకోనివ్వలేదు.

చేను అదే, గట్టు అదే. మొగవాళ్లందరూ మధ్యలో ఉన్నారు, గలీబు తీసుకుని నేను అటు నడిచాను. రామాంజినేయులు సార్ కుర్చీలో కూర్చుని పేర్లు రాసుకుంటున్నాడు. గ్లైడరు తిప్పి చూసి, "రెక్క మీద పేరు లేదేమ్మా. ఎవరిదిది?" అన్నాడు.

మీ పేరు రాయమన్నారు, నేను రాయలేదు. స్కెచ్ పెన్ను పట్టుకుని ఎన్నోసార్లు కూర్చున్నాను. చెయ్యి రాలేదు. అత్తమ్మ చేత రాయిద్దామంటే ఆమెకు అక్షరాలు రావు. ఇంకెవరినైనా అడగడానికి సిగ్గు. "మా ఇంటాయనది సార్" అన్నాను.

"ఇంటాయన పేరేంది?"

నేను తల వంచుకున్నాను. వెనక ఎవరో నవ్వారు. హనోకు తన గ్లైడరుతో అక్కడే ఉన్నాడు, చెప్పబోయాడు. అంతలో అత్తమ్మ గట్టు మీద నుంచి లేచి, మొగవాళ్ల మధ్యలోంచి నడిచి వచ్చింది.

"అది సచ్చినా మొగుని పేరు చెప్పదు సారూ" అంది. "కృపమణి అని రాసుకోప్పా. చేసిండేది అది, ఎగరేసేది అది. నా కొడుకు చేసింటే పోయినేడు మాదిరి ముక్కు నేలకు కొట్టింటాది."

అందరూ మళ్లీ నవ్వారు. ఈసారి నా మీద కాదు, మీ మీద. క్షమించండి, నేను కూడా నవ్వాను. ఆమె నన్ను ఇంతవరకు 'యేమే' అనే పిలిచింది. ఆమె నోట నా పేరు పూర్తిగా వినడం నాకు అదే మొదలు. సార్ స్కెచ్ పెన్ను ఇచ్చాడు. నేను కుర్చీ చేతి మీద రెక్క పెట్టి, నా పేరు, గాంధీనగర్, బళ్లారి అని ఒత్తకుండా రాశాను. కన్నడలో రాశాను, దొరికినవాళ్లు చదవాలి కదా.

ఒక్కొక్కరికి మూడుసార్లు ఎగరేయడానికి వీలు. నా మొదటిది సిగ్గుతో వదిలాను, ఎంతో పైకి పోలేదు. రెండోది కుడికి ఎక్కువ వాల్చాను, చుట్టు తిరిగి సార్ కుర్చీ దగ్గర దిగింది. హనోకుది అప్పటికి అందరికంటే ఎక్కువసేపు ఎగిరింది. అతను నా దగ్గరికి వచ్చి, "వదినా, రబ్బరు ఇంగా లాగు, భయపడొద్దు, తెగదు" అన్నాడు. మంచి పిల్లవాడే.

మూడోసారి గట్టిగా లాగాను. మోచెయ్యి వెనక్కి పోయి భుజం నొప్పి పుట్టేదాకా లాగాను. కుడికి వాల్చి వదిలాను. అది చప్పుడు చేస్తూ పోయింది, సన్నని చీర చించినట్టు. ఎంత పైకి పోయిందంటే, అక్కడ ఆగి, మెల్లగా ఒరిగి, ఎడమకు తిరగడం మొదలుపెట్టినప్పుడు అందరూ అరచేతులు కళ్ల పైన పెట్టుకున్నారు. కిందికి వస్తుందని చూస్తున్నాను. రాలేదు. నల్లరేగడి నేల కాగి పైకి పోయే గాలి ఉంటుందట, సార్ తర్వాత చెప్పాడు. చేనుపైన ఒక గద్ద రెక్క కదపకుండా తిరుగుతోంది. మన గ్లైడరు దాని కింద తిరిగింది, కాసేపటికి దాని పక్కన తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ కాలువ దాటింది. తెల్లటి చుక్క అయింది. తర్వాత అదీ లేదు.

గడియారం పట్టుకున్నాయన చెయ్యి దించేసి, "యాడుందో నాకు కనపడలేదు సార్" అన్నాడు. కనపడినంతవరకే లెక్క వేసినా, మిగతా ఎవరిదీ దరిదాపుల్లో లేదు.

చప్పట్లు కొట్టారు. నేను ఏడ్చాను. మీ చెక్క, నా రెక్క, రివెట్లు అన్నీ పోయాయి కదా. సార్ నా దగ్గరికి వచ్చి, "ఎందుకమ్మా ఏడుస్తావు? చానా బాగా చేసిండేదే అట్ల పోతాది. నేను ఇన్నేండ్లు పందెం పెట్టినా, ఈ చేనులో నుంచి ఒకటీ పోలేదు" అన్నాడు. బహుమానం గోడ గడియారం. అత్తమ్మ దాన్ని మీ ఫోటో కింద తగిలించింది. వచ్చినవాళ్లందరికీ టైము చెబుతోంది, అడగకపోయినా.

ఇంకా ఉంది. నిన్న మధ్యాహ్నం మన వీధిలోకి ఒకామె వచ్చింది, తలమీద తువ్వాలు, చేతిలో గోనెసంచి. కాలువ అవతల మిరప చేను వాళ్లదట, పేరు శరణమ్మ. ప్రతి ఇంటి ముందూ ఆగి, "కృపమణి అంటే యారమ్మా?" అని అడుగుతోంది. మన వీధిలో ఎవరికీ తెలియదు. ఆ ఇంటామె కోడలు, ఈ పోలీసాయన పెండ్లాం అనే తెలుసు. హంపమ్మక్క కూడా, "ఆ పేరుతో ఈడ ఎవురూ లేరమ్మా" అంది. నేను లోపల దారాలు కత్తిరిస్తున్నాను. ఆ గొంతులో నా పేరు విని, కత్తెర చేతిలోనే పట్టుకుని బయటికి వచ్చాను. వీధంతా చూస్తుండగా, "నేనే" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆమె సంచిలోంచి గ్లైడరు తీసింది. మిరప చెట్ల మీద దిగిందట, ఒక్క గీత పడలేదు. రెక్క మీద పేరు చూసి ఆడమనిషిదని ఆశ్చర్యపడి, పెద్ద చదువు చదివిన ఇంజనీరమ్మ అయ్యుంటుందని చూసి పోవడానికి తనే బస్సెక్కి వచ్చిందట. నీలం వేళ్లతో ఉన్న నన్ను చూసి కాసేపు నమ్మలేదు. అత్తమ్మ ఆమెకు రొట్టె, ఎండుమిరప కారం పెట్టి, జొన్నపిండి కథ నుంచి గద్ద దాకా మొత్తం చెప్పింది. ఆ రోజు ఆమె గట్టు మీద ఉన్నా, చెబుతుంటే రబ్బరు ఆమే లాగినట్టు ఉంది.

గ్లైడరు మళ్లీ దండేనికి వేలాడుతోంది. మీరు వచ్చినప్పుడు మీ పేరు రెండో రెక్క మీద మీరే రాసుకోండి, అక్కడ చోటు వదిలాను.

ఇంతకుముందు ఉత్తరాలు మీరు కాల్చలేదని నాకు తెలుసు. ఇది మాత్రం కాల్చాలి. మొదటి నుంచి చివరి దాకా నన్ను నేనే పొగుడుకున్నాను, పక్కీరప్పగారు చూస్తే నాకు తలెత్తుకునే వీలుండదు. అగ్గిపెట్టె లేదనకండి, కవరులో రెండు పుల్లలు, గీసుకునే అగ్గిపెట్టె అట్టముక్క పెట్టాను.

కాల్చే ముందు ఇంకొక్కసారి చదవండి.

మీ కృపమణి